ఎర్రగీత దగ్గరి ముల్లు

చిట్టియ్య ఎడమకాలు పోయి మూడేళ్లయింది. చేతులు మాత్రం ఇంకా నదిలోనే ఉన్నాయి. నిద్రలో కూడా అవి లేని చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటాయని అతని భార్య దీనమ్మ చెబుతుంది.

నరసాపురం దిగువన వశిష్ఠ గోదావరి రేవులో అతడు పద్దెనిమిదేళ్లు లాంచీ నడిపిన సరంగు. 1995 వానాకాలంలో లాంచీకి, బల్లకట్టులాంటి పంటుకి మధ్య కాలు నలిగింది. రేవు వేలం పాటదారు సూర్యనారాయణరాజు ఆసుపత్రికి వచ్చి, "నీకేం భయం లేదురా, నేను లేనూ?" అన్నాడు. ఆ మాటకు తేదీ లేదు, సంతకం లేదు. పనిలో దెబ్బతిన్నవాడికి పరిహారం హక్కని చెప్పే చట్టం అప్పటికే డెబ్బై ఏళ్లుగా ఉంది. అది చిట్టియ్య చెవిన వేసినవాడు ఒక్కడూ లేడు. నెల తిరక్కుండా చక్రం ముందు కొత్త సరంగు నిలబడ్డాడు.

అప్పటినుంచి చిట్టియ్య రత్నమాణిక్యం నడిపే రేడియో రిపేరు కొట్టులో తీగలకు సీసం పెడుతూ బతికాడు. ఒకనాడు కాకినాడ నుంచి వచ్చిన పాతసామానులో బొమ్మపడవ నడిపే రిమోటు కనబడింది: రెండు పుల్లలు, పొడవాటి ఏరియలు, ఒక చిన్న మీటరు. అతడు పొణికికర్రతో మూరెడు లాంచీ చెక్కి, మోటారు బిగించి, కాలువలో వదిలాడు. మంచు విడవని తెల్లవారుజామున నీళ్లు పాలలా కదలకుండా ఉండేవి. పడవ చీల్చిన సన్నని గీత వెంట అతడూ వెళ్లిపోయేవాడు. అప్పుడు పాదాల కింద చెక్క అదిరేది. రెండు పాదాల కిందా.

రిమోటుకు ఎనిమిది సెల్లులు. వారం తిరిగేసరికి అయిపోయేవి. రత్నమాణిక్యం చార్జింగ్ సెల్లులు ఇచ్చి హెచ్చరించాడు.

"ఈ మీటరు మామూలు సెల్లులకి కట్టింది మావా. అది ఒకటిన్నర ఓల్టు, ఇది ఒకటింబావు కూడా లేదు. నిండా చార్జింగున్నా ముల్లు ఎర్రగీత కాడే ఉంటది. నమ్మకు. ఒకటే సంగతి, పోయేప్పుడు మాత్రం చెప్పాపెట్టకుండా పోద్ది."

"మా రాజుగారి లాగన్నమాట," అన్నాడు చిట్టియ్య.

ఆ వేసవిలో కొత్త సరంగు లాంచీని రెండుసార్లు ఇసుక మీదికి ఎక్కించాడు. చిట్టియ్య కర్ర ఊతంతో రాజుగారి ముందుకు వెళ్లి, చక్రం తిరిగి ఇమ్మన్నాడు.

"ఒంటికాలోడికి లాంచీ ఇమ్మంటావేంట్రా?"

"చక్రం తిప్పేది చేత్తోనండి."

రాజుగారికి నవ్వొచ్చింది. "ఆ బొమ్మతో ఆడుతున్నావంట కదా. తిప్ప పక్కన నీళ్లలో పాతిన గడకర్ర చుట్టి దాన్ని వెనక్కి తీసుకురా. ఆదివారం, అందరి ముందూ. తెస్తే చక్రం నీది."

కరెంటు కోత ఉంటుందని చిట్టియ్య గురువారమే సెల్లులకు చార్జింగు పెట్టుకున్నాడు. శుక్రవారం దీనమ్మ రిమోటు తుడుస్తూ ముల్లు ఎర్రగీత దగ్గర చూసింది. టార్చిలైటు సెల్లులు నీరసిస్తే ఆ ఊళ్లో ఎవరైనా ఏం చేస్తారో అదే చేసింది: రెండు రోజులు రేకుల కప్పు మీద, ఎండుచేపల పక్కన వాటిని ఎండబెట్టింది. శనివారం పొద్దుగూకాక ఎక్కడివక్కడ పెట్టింది. ముల్లును నమ్మడం మానేసిన చిట్టియ్య దానివైపు చూడనేలేదు.

ఆదివారం చర్చి విడిచాక రేవు నిండింది. పడవ కలలో జారినట్టు తిప్ప దాకా వెళ్లింది, గడకర్రను చక్కగా చుట్టింది. వెనక్కి తిరిగి నాలుగు బారలు వచ్చి ఆగిపోయింది. అతడు పుల్లలు ఎంత తిప్పినా కదల్లేదు.

"ఆ సెల్లులు ఎండలో కూడా ఎట్టేనయ్యా," అంది దీనమ్మ.

చార్జింగు సెల్లుల్ని ఎండ పీల్చేసిందని చిట్టియ్యకు అర్థమైంది.

"అయిపోయిందిరా నీ సరంగుతనం," అని రాజుగారు లేచాడు.

"కూకోండి రాజుగారూ." చిట్టియ్య రిమోటు కింద పెట్టి నీళ్లవంక చూశాడు. "నీళ్లు దిగే పాటు ఆఖరైపోయింది. ఇంకాసేపు కిందికి పోద్ది, ఆ నల్ల బురద కాడ నిలబడద్ది. పోటు తగిలాక ఇటు మళ్లద్ది. మన రేవు తాటిమొద్దుకొచ్చి ఆనుద్ది."

ఎవరూ కదల్లేదు. పడవ కిందికి పోయింది. నల్ల బురద ఎదుట నిలిచింది. నది ఊపిరి బిగబట్టినట్టయింది. సముద్రం దిక్కునుంచి సన్నని ముడత ఒకటి నీటి మీద పాకుతూ వచ్చి పడవను ఎత్తుకుంది. పిల్లను చంకనేసుకున్న తల్లిలా మెల్లగా, ఎవరి తొందరా పట్టనట్టు తెచ్చి, తాటిమొద్దుకు తాకించింది.

రాజుగారు నల్ల బురద వంక చూశాడు. కొత్త సరంగు రెండుసార్లు ఎక్కించిన ఇసుక కూడా దాని పక్కనే.

"రేపు పొద్దున్నే వచ్చెయ్‌రా."

"వస్తానండి. ఆ మాట కాయితం మీద రాసివ్వండి. తేదీ ఏసి."

"నా మాట చాలదేంట్రా?"

"ఒకసారి చాలనుకున్నానండి."

రత్నమాణిక్యం రిపేరు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా చాపాడు. రేవంతా చూస్తోంది. రాజుగారు రాశాడు. దీనమ్మ నీళ్లలోకి దిగి, తడిసిన లాంచీని కొంగుతో తుడిచింది. సంతకం ఆరేదాకా చిట్టియ్య కాగితాన్ని మడవలేదు.