రాజుగారి అతుకులు

మీకొక మహాకావ్యం చెప్తాను. ఇందులో రాజున్నాడు, సింహాసనం ఉంది, ఆరు నెలల తపస్సుంది, నిండు సభలో పరాభవం ఉంది. రాజు పగటిపూట దాదర్ బంగళాలకు సున్నం వేసే మేస్త్రీ అనీ, సింహాసనం ఇరానీ హోటలు కుర్చీ అనీ చెప్పాక ఇది మహాకావ్యం కాదని మీకే తెలిసిపోతుంది. ఇది మా అమ్మ కుట్టిన ఒక అంగీ సంగతి.

బొంబాయి కామాఠీపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ వాళ్లు గణపతి పండక్కి ఏటా తెలుగు నాటకం ఆడేవారు. వేషాలన్నీ అమ్మే కుట్టేది. ఆమె అంగీలకు గుండీలుండవు. తెర వెనక నటుణ్ణి నిలబెట్టి ఒంటిమీదే కుట్టేసేది, ఆట అయ్యాక దారాలు తెంపి విడిపించేది. అలాగైతేనే ఒకే అంగీ లావు రాజుకూ బక్క రాజుకూ సరిపోతుంది. నడుమ రాజుకు ఒంటికొస్తే అది రాజ్యం సమస్య.

ఎప్పుడే దారం తెగుతుందోనని సూది పట్టుకుని తెర వెనకే నిలబడేది. అందుకే పన్నెండేళ్లలో తను కుట్టినదాన్ని ఒక్కసారీ ఎదురుగా కూర్చుని చూడలేదు. ఇన్ని రాజవీపులు చూసిన మనిషి బొంబాయిలో మరొకరు ఉండరు.

మిల్లులు మూతపడి, నాన్న మా ఒంటిగది ఖోలీలో గోడకు మేకులు కొట్టి పీకుతూ కూర్చున్న ఏడు అది. ఫాక్‌లాండ్ రోడ్డు దర్జీలు ఊడ్చి పారేసే చిందీని, ఆ గోరంత గుడ్డముక్కల్ని, అమ్మ సంచులకొద్దీ మోసుకొచ్చింది. జాకెట్టు ముక్కల నీలంతో మెడలు, స్కూలు యూనిఫారాల ఆకుపచ్చతో పింఛాలు. ఆరు నెలలు అతికి, అంగీ నిండా నెమళ్లను దించింది. లోపల ఎర్ర శాటిన్ అస్తరు, ఒక్క కుట్టు కనబడకుండా. మొదటిసారి హుక్కులు పెట్టింది.

"ఈసారి నేను ముంగట కూసోని చూస్త" అంది.

"నువ్వు కుట్టిందే గదనే, ఏం చూస్తవ్?" అన్నాను నేను.

"నిన్ను కన్నంక నీ మొఖం చూడలేదా? గట్లనే."

"చూసి ఏమన్నవ్?"

"ముక్కు నీ నాయనదే అని ఏడ్చిన."

పండగ ఆదివారం సాయంత్రం అంగీ మడతపెట్టి రాజు చేతికిచ్చి, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, ఆటకు గంట ముందే మొదటి వరసలో కూర్చుంది. తెర లేచింది. రాజు వచ్చాడు. మెడ నుంచి మోకాలి దాకా ఎర్ర శాటిన్. ఒక్క నెమలి లేదు. అంచున కుట్టిన హుక్కులు ఎటు తిప్పినా పడతాయి. నెమళ్లన్నీ రాజుగారి పొట్టవైపు చూస్తున్నాయి.

జనం చప్పట్లు కొట్టారు. నాకు నవ్వొచ్చింది, అలవాటు. అమ్మ చెయ్యి జాకెట్టుకు గుచ్చుకునే సూది కోసం తడుముతోంది. ఆ రోజు సూది ఇంట్లో పెట్టి వచ్చింది.

విరామంలో తెర వెనక్కి వెళ్లాం.

"మేస్త్రీ, అంగీ ఉల్టా ఏస్కున్నవ్."

"ఉల్టా ఏంది వదినా? బరాబర్ ఏస్కున్న. రాజు అతుకులు బయటికేస్కుంటడా? ఇజ్జత్ ఉంటదా?"

"అవి నెమళ్లు" అన్నాను నేను.

"నెమళ్లా? గప్పటి సంది గీకుతున్నయ్!"

మేస్త్రీ అబద్ధమాడటం లేదు. పంచె పక్కకు తీసి నిక్కరు చూపించాడు. అతుకు లోపలికే ఉంది. మా చాల్‌లో అందరిదీ అంతే. రాళ్లు మోసి ఈ ఊరు కట్టిన తాతల నుంచీ అతుకు లోపలికి, మంచివైపు బయటికి. నా స్కూలు గౌనుకు లోపలివైపు అతుకేసింది కూడా అమ్మే.

"ఇప్పుడన్నా తిప్పి ఏస్కో" అంది.

"సగం ఆటల రాజు అంగీ మార్చిండంటే జనం నవ్వరా, వదినా?"

నిజమే, నవ్వుతారు. అందరికంటే ముందు నేనే నవ్వుతాను. అమ్మ ఎవరి దగ్గరో సూది అడిగి తీసుకుని, వదులైన హుక్కును అతని ఒంటిమీదే కుట్టేసి, మిగతా సగం ఎప్పట్లాగే వీపు చూసింది. మొదటి వరసలో ఆమె కుర్చీలో ఎవరో చెప్పులు పెట్టుకున్నారు.

వారం తిరక్కుండా అంగీ విప్పేసింది. నెమళ్లు మసిగుడ్డలయ్యాయి. శాటిన్‌తో నాకొకటి, తనకొకటి లంగాలు కుట్టింది.

"ఏమన్న అంటే సూదితోని నీ నోరు కుడ్త పోరీ" అంది. నేను లంగా ఉతికి ఆరేశాను.

శాటిన్ మొదటి ఉతుకులో రెండంగుళాలు కుంచించుకుపోతుంది. ముందే తడిపి, ఆరబెట్టి కత్తిరించుకోవాలి.