ఎర్సీలియా వంటింటి గోడ

ఎర్సీలియా రోజూ పొద్దున్నే తలకు గుడ్డ చుట్టుకుని, ఆలివ్ నూనె సీసా జేబులో వేసుకుని, ఊరవతలి రేకుల ఇళ్ళ నుంచి మొదటి ట్రాములో రోము నడిబొడ్డుకు వచ్చేది. పాతకాలపు సభాస్థలిలో విరిగిన స్తంభాల మధ్య ఒక మొండిగోడ ఉండేది. అది ఆమె వంటింటి గోడ. దాని బయటివైపు రంగు వెలిసిన మరియతల్లి బొమ్మ. ఆ తల్లి ముందు దీపం వెలిగించడం ఆ ఇంటి ఆడవాళ్ళ వంతు. అత్తగారు పోతూ పోతూ కోడలి చేతిలో నూనె సీసా పెట్టి కళ్ళు మూసింది.

వీధుల కింద రోమన్ల కట్టడాలున్నాయని పైనున్న ఇళ్ళన్నీ పడగొట్టారు. మనుషుల్ని మంచాలతో సహా లారీలకెత్తి ఊరవతల దింపారు. కూల్చే ఇళ్ళకు అప్పట్లో ఎర్రరంగు గుర్తు పెట్టేవారు. ఈ గోడ మీద మాత్రం తెల్లరంగుతో అంకె వేశారు. తవ్వితీసిన పాలరాతి బొమ్మలకూ అలాంటి తెల్ల అంకెలే ఉండటం చూసి, తన మరియతల్లిని కూడా భద్రంగా దాచుకుంటారని ఎర్సీలియా నమ్మింది. ఇరుగుపొరుగుకంతా ఆ మాటే చెప్పుకుని సంతోషించింది.

లోపలికి వెళ్ళాలంటే టికెట్టు కొనాలి. కాపలాదారు నజరేనో మాత్రం జనం రాకముందే ఆమెకు గేటు తీసేవాడు. వాన పడితే వత్తి అంటుకునేదాకా గొడుగు పట్టేవాడు. తన రొట్టెలో సగం విరిచి, ఎక్కువైందని అబద్ధమాడి ఆమె చేతిలో పెట్టేవాడు. అలాంటి చేతులు చల్లగా ఉండాలి.

ఒకరోజు కొత్త అధికారి పెందలాడే అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇక్కడంతా మురికి కొంపలుండేవని, వాటిని ఊడ్చేసి రోముకు మళ్ళీ వెలుగు తెచ్చామని వాళ్ళకు చెబుతున్నాడు. గోడ దగ్గర మోకాళ్ళ మీదున్న ఈమెవరని ఒక దొరసాని అడిగింది.

"ఊడ్చినప్పుడు మూలన మిగిలిపోయిన ఎలుక, దొరసానీ" అన్నాడు అధికారి.

అందరూ నవ్వారు. ఎర్సీలియా లేచి నిలబడింది.

"ఈ గోడను దాస్తారు కదా బాబూ? అంకె వేశారుగా."

"దాచడమా? అది కూల్చే వరుస, ముసలమ్మా. సోమవారం దీని వంతు. మూడొందల ఏళ్ళ గోడను ఇక్కడ పాతదనరు, చెత్తంటారు."

అలా అని వంగి, తల్లి ముందున్న దీపంతో సిగరెట్టు ముట్టించుకున్నాడు. తరువాత వత్తిని రెండు వేళ్ళతో నలిపేశాడు. ఈ ముసలిది ఇంకోసారి గేటు దాటితే కాపలా టోపీ ఇచ్చేసి ఇంటికి పొమ్మని నజరేనోతో చెప్పి, అతిథుల్ని ముందుకు నడిపించాడు.

నజరేనో పిల్లలున్నవాడు, ఉద్యోగం పోతే గడవదు. కన్నతల్లిని పట్టుకున్నట్టు ఆమె మోచెయ్యి పట్టుకుని గేటుదాకా తెచ్చాడు. తలుపు వేయడానికి చేతులు రాక నిలబడ్డాడు.

ఆ తల్లి ముందు ఏనాడూ తలమీద గుడ్డ లేకుండా నిలబడని మనిషి, తలగుడ్డ విప్పి మడతపెట్టి అతని చేతిలో పెట్టింది.

"నాయనా, గునపం వేసేముందు ఆ తల్లి కళ్ళకు ఇది కట్టమను. మా ఇళ్ళన్నీ కూలుతుంటే చూస్తూనే ఉంది. ఇదొక్కటీ చూడకుండా చెయ్యి."