కోత పండుగలో గుమ్మడికాయ

మా నాన్నది కౌలు సేద్యం. పొలం ఒక రిటైరైన మాస్టారిది. ఆయన కాపురం విజయవాడ పటమటలో. పుట్టింది మాత్రం హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊళ్ళోనే, బాప్తిస్మం తీసుకున్నది మా చర్చిలోనే. నాన్నను నోరారా ‘తమ్ముడూ’ అని పిలిచేవారు. ఆ పిలుపుకి నాన్న కరిగి నీరైపోయేవాడు.

ప్రభుత్వం దృష్టిలో రైతంటే పట్టాదారు పాస్‌బుక్‌లో పేరున్నవాడు. బురదలో దిగేవాడు కూడా రైతేనని ఒప్పుకోవాలంటే కౌలు కార్డు ఉండాలి, దానికి పొలం యజమాని సంతకం పెట్టాలి. అమ్మ పోరు పడలేక నాన్న ఒకసారి అడిగాడు. మాస్టారు తెగ నొచ్చుకున్నారు.

“మన మధ్య కాయితాలేంటి తమ్ముడూ? రేపు ఏదన్నా నష్టమొచ్చి గవర్నమెంటు డబ్బులేస్తే నా ఎకౌంట్లో పడతాయి. తీసి నీ చేతిలో పెడతా. నీ కష్టం నేను తింటానా?”

ఇంటికొచ్చి నాన్న అమ్మనే కేకలేశాడు. “ఆయనా నేనూ చర్చిలో ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకుంటాం. ఆయన్ని అనుమానించమంటావేంటే?” డిగ్రీ చదువుతున్న నాకు కూడా నాన్న మాటే సబబుగా తోచింది.

తర్వాతి ఏడే తుపాను వచ్చింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయి, కంకుల మీదే మొలకలెత్తింది. మాస్టారు కౌలు బస్తాల్లో ఒక్కటీ తగ్గించలేదు. “పరిహారం వస్తుందిగా, నీకే ఇస్తాగా” అన్నారు. నాన్న అప్పు చేసి, వడ్లు కొని మరీ ఆయన కౌలు కొలిచాడు. ఎరువుల కొట్టాయన పాత బాకీ తీరిస్తేగాని వచ్చే వానాకాలం సార్వా పంటకి ఎరువు బస్తా కూడా ఇవ్వనన్నాడు. ఆ పరిహారం చేతికొస్తేనే మాకు మళ్ళీ సేద్యం.

ఆ ఏడు కోత పండుగ ఎండలు ముదిరాక జరిగింది. ఆ రోజు మా చర్చిలో ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పొలంలో ఏమీ మిగలని నాన్న, పెరట్లో కాసిన గుమ్మడికాయను భుజానికెత్తుకున్నాడు. అమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. “డబ్బులు పడ్డాయంట. మాస్టారు ఇయ్యాల వస్తున్నారు, ఇచ్చేస్తార్లే” అని ఆమెకు చెప్పి, నన్ను తీసుకుని బయల్దేరాడు.

పాస్టరుగారు ప్రసంగం ముగించి, “మన మాస్టారుగారు తుపానులో పంటంతా పోగొట్టుకుని కూడా, గవర్నమెంటు ఇచ్చిన పరిహారం మొత్తం మన మందిరం ప్రహరీ గోడకి సమర్పించారండీ. దేవునికి స్తోత్రం!” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పంట పోగొట్టుకుంది ఆయనట! మడిలో కాలు తడవని మనిషికి పంట ఎలా పోయిందో లేచి అడుగుదామనుకున్నాను. నాన్న నేలచూపులు చూస్తూనే నా చున్నీ గట్టిగా పట్టుకున్నాడు. వచ్చే ఏడు కూడా పొలం ఆయనదేగా.

వేలంలో మా గుమ్మడికాయను మాస్టారే అందరికంటే ఎక్కువకి పాడుకున్నారు. నవ్వుతూ తెచ్చి నాన్న చేతుల్లో పెట్టారు.

“పంట పోయి ఇబ్బందిలో ఉన్నావు తమ్ముడూ. ఇంటికి తీసుకెళ్ళి వండించుకో.”

ఇప్పుడు పోయిన పంట నాన్నదైంది! మళ్ళీ చప్పట్లు. నాన్న “వందనాలండీ మాస్టారూ” అన్నాడు. పటమట మీదుగా బస్సులో వెళ్ళినప్పుడల్లా ఆ వందనాలే నాకు వినిపిస్తాయి. దేవుడికి ఇచ్చేసిన డబ్బును తిరిగి అడగడానికి నాన్నకు నోరు రాదని మాస్టారికి బాగా తెలుసు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

“ఇచ్చారా?”

నాన్న గుమ్మడికాయను ఆమె ముందు దించాడు.

“ఇచ్చారు” అన్నాడు.