పచ్చ దాటితే రంగు లేదు

అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద కారాపి బొంగు చికెన్ తినే పెద్దమనుషులు తరచూ అనే మాట ఒకటుంది: "వీళ్ళది స్వచ్ఛమైన తిండండీ, అందుకే ఇంత ఆరోగ్యం." అంటూనే తమ పిల్లలకి చిప్స్ పాకెట్లు కొంటారు. పక్కన నిలబడి చూస్తున్న ఊరి పిల్లకి కూడా జాలిపడి ఒకటి ఇప్పిస్తారు. ఆ జాలి ఆ పిల్ల ఒంట్లో ఏమవుతుందో చూడ్డానికి వాళ్ళు ఆగరు, కారెక్కి వెళ్ళిపోతారు.

బేబిది అలాంటి దుకాణమే. అనంతగిరి మండలంలో రోడ్డు పక్క ఊరు. మొగుడు ఫల్గుణ బొంగుల్లో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాలుస్తాడు. చూరుకి చిప్స్ పాకెట్ల దండలు వేలాడుతుంటాయి. ఒక్కగానొక్క కూతురు సోని ఆరో తరగతి చదువుతోంది. బడి నుంచి వచ్చి ఆ దండల కిందే కూర్చుంటుంది.

సోని పుట్టినప్పుడు దుకాణం లేదు. బేబి కాఫీ తోటల్లోకి కూలికెళ్ళేది, పిల్లని చీరతో వీపుకి కట్టుకుని పళ్ళు కోసేది. పాలు చాలలేదు. అంగన్‌వాడీలో తూకం వేసిన రోజున నాగలక్ష్మి టీచరు ఎదుగుదల కార్డు పైకెత్తి అందరికీ చూపించింది.

"సూడండే, ఎరుపులో ఉందీ గుంట. ఇది పిల్లా, పిల్లి కూనా? నువ్వు తల్లివేనేటే?"

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో బేబి తోటికోడలు కూడా ఉంది. బేబి గబుక్కున పిల్ల మొహం మీద కొంగు కప్పేసింది. కప్పుకోవాల్సింది తన మొహం. కప్పింది మాత్రం పిల్లదే. లోపల ఊపిరాడక అది గుక్కపట్టి ఏడ్చింది.

ఆనాటి నుంచి బేబి బతుకంతా ఆ కార్డు మీద గీతని పైకి నెట్టడమే అయింది. గుడ్డు దొరికితే గుడ్డు, అరటిపండు దొరికితే అరటిపండు. దుకాణం పెట్టాక చికెన్ ముక్క, బిస్కెట్లు, కూల్‌డ్రింకు. ఎరుపు పోయి పసుపొచ్చింది, పసుపు పోయి పచ్చ వచ్చింది. ఆ కార్డు మీద పచ్చ దాటితే ఇంకో రంగు లేదు. గీత ఎంత పైకెళ్తే అంత మెచ్చుకోలు. "గుంట ఒళ్ళు సేసిందే!" అని నాగలక్ష్మి టీచరే చప్పట్లు కొట్టించింది. ఆకలిని కొలవడానికి తయారైన కార్డు అది, తన పని తాను చేసింది. చప్పట్లు ఎక్కడ ఆపాలో బేబికి ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట విశాఖ నుంచి "చురుకు బాల్యం" అనే కార్యక్రమం వచ్చింది. రోడ్డు పక్క ఊళ్ళలో పిల్లలకి ఊబకాయం రాకుండా ఊరే చూసుకోవాలన్నది దాని సారాంశం. కాగితాల మీద "ఊరు" అని రాస్తారు. ఆచరణలో దానర్థం ఒక ఆడమనిషి. ఈ ఊళ్ళో ఆ ఆడమనిషి బేబి. మాటకారి, పాటలొచ్చు. సాయంత్రాలు పిల్లల్ని పరిగెత్తించేది. బళ్ళో రాగిపిండితో కాచిన చోడి అంబలి పోయించేది. తల్లుల మీటింగులో "పాకెట్ కొనివ్వడం ప్రేమ కాదమ్మా" అని గొంతెత్తి చెప్పేది. ఒకసారి వెనక వరసలోంచి యర్రమ్మ అనే తల్లి అడిగింది:

"మరి నీ కొట్టు సూరుకేటే ఏలాడతన్నవి? తోరణాలా?"

బేబి కూడా అందరితో పాటు నవ్వింది. ఇంటికెళ్ళి దండలు దించేసింది. మర్నాడే ఫల్గుణ మళ్ళీ కట్టాడు. "టూరిస్టులకి అంబలి అమ్మమంటావేటి?" అన్నాడు. పాకెట్లు అమ్మకుండా ఇల్లెలా గడవాలో కార్యక్రమం కాగితాల్లో రాసి లేదు.

ఊరి పిల్లలు కొంత మారారు. సోని మారలేదు. ఆటలో అందరికంటే ముందు దిగేది, ఆయాసపడుతూ నవ్వేది, ఆట కాగానే దుకాణానికొచ్చి దండల కింద కూర్చునేది.

కార్యక్రమం పనిచేసిందో లేదో తేల్చడానికి యూనివర్సిటీ నుంచి లక్ష్మీప్రసాద్ అనే పరిశోధకుడు తూకం మిషనూ టేపూ పట్టుకుని వస్తున్నాడని తెలిసింది. ముందు రోజే బేబి కూతురి బట్టలు సంచిలో సర్దింది.

"పెదబయలు ఎల్లు. పెద్దమ్మ రమ్మంది."

"పెద్దమ్మ ఫోన్ సెయ్లేదు కదా," అంది సోని.

"సేసింది. నువ్వు బళ్ళో ఉన్నావు."

"రేపు తూకం కదమ్మా. నానుండొద్దా?"

"నువ్వు లేకపోతే ఏటవదు. బేగి ఎక్కు, బస్సొత్తంది."

సోని తల్లి మొహంలోకి చూసింది. సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కింది.

మర్నాడు తూకం సజావుగా సాగింది. లక్ష్మీప్రసాద్ మెచ్చుకున్నాడు కూడా. ఆ మరుసటి రోజు, పొద్దున్నే బళ్ళో అంబలి పోయించడానికి వెళ్ళిన బేబి దగ్గరికి అతను మళ్ళీ వచ్చాడు.

"నిన్న రాని పిల్లల కోసం, బేబి గారూ. మిగతావాళ్ళు దొరికారు. ఇంక సోని అనే అమ్మాయి, ఫల్గుణ కూతురట. ఇల్లు చూపిస్తారా?"

"ఆ గుంట ఊళ్ళో లేదు సార్. ఒక్కర్తే కదా, వొదిలీండి."

"వదలకూడదండీ. బరువు తగ్గిన పిల్లలు తూకం ఎగ్గొట్టరు. రానివాళ్ళని వదిలేస్తే ప్రతి ఊరూ గెలిచినట్టే కనిపిస్తుంది. ఏ ఊరెళ్ళింది? బండుంది, వెళ్దాం. ముందు వాళ్ళింట్లో అడుగుదాం పదండి."

అందులో ఎత్తిపొడుపు లేదు. నేర్చుకున్న పాఠం చెప్పాడంతే. ఫల్గుణ బేబి మొగుడేనని అతనికి తెలియదు. బేబికి మాత్రం చెవుల్లో "ఆ గుంట" అన్న తన మాటే మోగుతోంది. చెప్పెయ్యడానికి దారంతా ఉంది. ఆమె అంబలి సంగతులే చెబుతూ నడిచింది.

దుకాణం దగ్గర ఫల్గుణ బొంగులు తిప్పుతూ కేకేశాడు. "ఏటి బేబీ, సార్ని మనింటికే తెచ్చీసినావా? మన గుంట కోసవేనా? పొద్దున్న బస్సుకే వొచ్చీసింది. పెద్దమ్మ పిలవనేలేదంట!"

లక్ష్మీప్రసాద్‌కి అర్థమైంది. అతను బేబి వైపు చూడలేదు. నేల మీద మిషను పెట్టి, అది అప్పటికే సరిగ్గా ఉన్నా, ఇంకా సర్దుతూ ఉండిపోయాడు. అతను తిట్టి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది.

సోని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వేనామ్మా సోని?"

"నాను ఊళ్ళో లేను సార్," అంది సోని. "అమ్మ సెప్పలేదా?"

ఫల్గుణ నవ్వబోయి ఆగాడు. నిప్పుల మీద కొవ్వు చిటపటలాడింది. కొంగు కింద ఊపిరాడక ఏడ్చిన పసిపిల్ల ఏడుపు బేబికి మళ్ళీ వినిపించింది.

"ఉంది సార్." బేబి ముందుకొచ్చింది. "నా గుంటే. నానే పంపించీసినాను."

"అమ్మాయికి ఇష్టమైతేనే తూద్దాం," అన్నాడు లక్ష్మీప్రసాద్. "లోపలైనా సరే."

"ఇక్కడే ఎక్కుతాను," అంది సోని. "అమ్మని అటు తిరగమనండి. తను సూడకూడదు."

బేబి రోడ్డు వైపు తిరిగింది. మొహానికి ఎదురుగా చిప్స్ పాకెట్ల దండలు. వెనక మిషను మీద పాదాలు ఆనిన చప్పుడు. "ఊపిరి బిగబట్టకమ్మా, మామూలుగా నిలబడు," అంటున్నాడు లక్ష్మీప్రసాద్. అంకె మాత్రం పైకి చదవలేదు.

కారొకటి వచ్చి ఆగింది. అద్దం దించి ఎవరో ఆవిడ అడిగింది: "ఏమ్మా, పిల్లలకి చిప్స్ ఇస్తావా?"

బేబి చెయ్యి అలవాటుగా దండ మీదికి వెళ్ళింది. పాకెట్లు తెంచింది.

"దిగీసినావా సోనీ?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

తిరగొచ్చో లేదో తెలియక, పాకెట్లు చేత్తో పట్టుకుని, బేబి అలాగే రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.