చివరి చీరకు దాచుకోవలసిన మాట

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు, రాత చూస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. ఇది నేను మొదటిసారి రాస్తున్నది. కొంచెం ఓపిక పట్టి చదవండి.

ఆ రోజుల్లో నాకు కాలు ఒక చోట నిలిచేది కాదు, నోరు అసలే నిలిచేది కాదు. ధర్మవరంలో మా ఇంట్లో నాయన మగ్గం నేసేవాడు, నేను పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. కూర్చుని కూర్చుని విసుగు పుట్టి, పందొమ్మిదో ఏట హిందూపురంలో ఒక చీరల అంగడిలో చేరాను. ఆ అంగడాయన్ని అందరూ సెంటన్న అనేవాళ్లు (ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చేది). నెల రోజులు చూస్తాను, పనికొస్తేనే పెట్టుకుంటాను అన్నాడు. పనికిరాకపోతే మళ్లీ కండెల దగ్గరికే. అది తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

చీరలు పరచడానికి వరుస ఉన్నట్టే పొగడడానికీ వరుస ఉందని సెంటన్న నేర్పించాడు. మొదటి చీరకు బాగుంది అనాలి, తర్వాతదానికి చాలా బాగుంది, ఆ పైదానికి అద్భుతం. చివర్లో తీసే పెళ్లి చీరకు మాత్రం సబ్లైమ్ అనాలి. ఆ మాట ఆయనకు బెంగళూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చెప్పిందట. పెద్ద కొండనో, ఉరిమే మబ్బునో చూసినప్పుడు మనం చీమంత అయిపోయి, కొంచెం భయం కూడా వేసి, నోట మాట రాదు కదా, అలాంటిదట.

"తొందరపడి ముందే వాడొద్దు పాపా. దాని పైన ఇంగో మాట లేదు మన దగ్గర" అన్నాడు.

నా నోట్లో కొత్త మాట నిలుస్తుందా? రోజూ ఇంటి నుంచి పోయొచ్చే రైల్లో పెనుకొండ కొండ కనబడితే సబ్లైమ్ అన్నాను, అది సరే. ఉడకబెట్టిన చెనక్కాయలు, కిటికీ పక్క సీటు, అన్నీ సబ్లైమే అయిపోయాయి.

నెల చివరి రోజున మడకశిర నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. ఒక అక్క, పెళ్లికూతురైన ఆమె కూతురు, వాళ్ల అవ్వ. సెంటన్న గల్లా దగ్గర నుంచి నన్నే చూస్తున్నాడు. ఆ కంగారులో మొదటి చీర, రోజూ కట్టుకునే మామూలు చీర, పరిచి సబ్లైమ్ అనేశాను. అర్థం అడిగితే అదీ చెప్పాను. ఇక రెండోదాన్ని తగ్గించి ఎలా చెప్పాలి? అదీ సబ్లైమే. ఐదో చీరకు సెంటన్న తల పట్టుకున్నాడు.

"ఏం పాపా, చూస్తే నోట మాట రాదంటివి. నీకు మాత్రం వస్తానే ఉండాదే" అంది అవ్వ నిదానంగా. అక్కా కూతురూ నవ్వుతూ లేవబోతే అవ్వే ఆపింది. "గమ్మునుండి ఇంగొక్కటి పరుచు. చూసి పోతాం."

చేతికందిన పెళ్లి చీర తీసి పరిచాను. చిలకపచ్చ, మామిడిపిందెల అంచు. అంచు చూడగానే గుర్తుపట్టాను, మా మగ్గం మీది చీర. ఆ పట్టు నేను చుట్టిందే. ఇంట్లో నేసినంత మేరా మగ్గం కర్రకు చుట్టుకుపోతుంది, పూర్తయ్యాక మడత పెట్టి షావుకారుకు ఇచ్చేస్తారు. మా చీర ఒక్కటి కూడా పూర్తిగా విప్పి నేను చూడలేదు. ఇదంతా నాయన ఆ మగ్గం గుంతలో కూర్చుని నేశాడా అనుకున్నాను. కొంచెం భయం వేసింది. నోరు తెరిచాను గానీ ఏమీ రాలేదు.

అవ్వ చీరను కాదు, నా మొహాన్ని చూసింది. తర్వాత సెంటన్న వైపు తిరిగి, "ఇది కట్టియ్యప్పా" అంది.

సెంటన్న నన్ను పనిలో పెట్టుకున్నాడు, ఆ మాట మళ్లీ ఎత్తకూడదన్న షరతు మీద. సాయంత్రం ఇంటికొచ్చి మగ్గం పక్కన నిలబడ్డాను. ఆ చీర గురించి నాయనకు చెప్పాలని దారంతా ఎన్నో అనుకున్నాను. నాయన నేయడం ఆపి తలెత్తి చూశాడు.

"ఏమ్మా, గమ్మునుండావే? పని పోయిందా?"

లేదని తల ఊపాను, అంతే. అన్నిటికీ ఆ మాట వాడిన పిల్ల, వాడాల్సిన చోట మాత్రం మింగేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను తిట్టబుద్ధి కాదు, నవ్వొస్తుంది. ఇందులో అక్షరాలు తప్పిపోయి ఉంటే మీరే సరిచేసుకుని, నన్ను మన్నించండి.