కొసరు మూత

మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా కోడలికి ఒక ఫొటో దొరికింది. మనిషిని మించిన పత్తి చేలో మా నాన్న నిలబడి, ఒక మొక్క కొస పట్టుకుని చూపిస్తున్నాడు. తలపాగా, చెయ్యి తప్ప పెద్దగా కనపడడు. పక్కన గట్టు మీద ఇంకొకాయన నవ్వుతున్నాడు. "ఎంత బాగుందో అత్తయ్యా! పెద్దది చేయించి హాల్లో పెడదాం. ఈ నవ్వుతున్నాయన ఎవరు?" అంది. నాకు చెవులు వేడెక్కాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, ఒక చేను ఫొటో చూసి తల దించుకున్నాను.

ఎనభైల్లో పర్చూరు వైపు మా నల్లరేగడి ఊళ్లలో పత్తంటే పిచ్చి. పురుగుమందుల కొట్లో కుర్చీలేసి టీ ఇప్పించేవాళ్లు. సగం మంది ఆ టీ కోసమే వెళ్తారని అమ్మ దెప్పేది. మావాళ్లకి కొసరు లేకుండా ఏదీ పుచ్చుకునే అలవాటు లేదు. వంకాయలు కొన్నా కొసరు, పాలు పోయించుకున్నా కొసరు. ఆ బుద్ధే మందు కలిపే డ్రమ్ము దగ్గరికీ వచ్చింది. ఒక మూత పొయ్యమంటే పోసి, "ఇది కొసరు" అంటూ ఇంకో మూత వంచేవాళ్లు. పురుగుమందుకీ అంతే, ఆ ఏడు కొట్టాయన కొత్తగా అంటగట్టిన పెరుగుదల హార్మోనుకీ అంతే. నాన్న అక్కడా ఆగలేదు. "మన చేనుకి మనమే పిసినారితనం చేస్తే ఎట్లా?" అని మూడో మూత కూడా పోశాడు.

చేను లేచింది. లేవడమంటే అలా ఇలా కాదు, దారిన పోయేవాళ్లు సైకిళ్లు దిగి చూశారు. నాన్న నడకే మారిపోయింది. చీరాల నుంచి ఫొటోగ్రాఫర్ని పిలిపించాడు. పక్క చేను మా పెదనాన్నది. ఆయన జాగ్రత్త మనిషి, పులుసులో ఉప్పు కూడా రెండుసార్లు రుచి చూసి గానీ వేయనిచ్చేవాడు కాదు. అలాంటాయన ఆ ఏడు తమ్ముడి మాట మీద మిరప మానేసి ఉన్నదంతా పత్తే పెట్టాడు. ఫొటో తీసిన రోజే, "ఒరేయ్, ఆ మందేదో నాకూ ఇప్పించరా" అన్నాడు. "ఇప్పించడమేంటన్నయ్యా, నేనే దగ్గరుండి కలుపుతా" అన్నాడు నాన్న. కలిపాడు, కొసరుతో సహా.

ఆ సీసాలో ఏమేం కలిపారో ఈనాటికీ నాకు తెలీదు. తర్వాత చదువుకున్నాక అర్థమైంది మాత్రం ఇది: మొక్క తన చిగుళ్లలో, వేళ్ల కొసల్లో పిసరంత పిసరంత తయారుచేసుకునే పదార్థాలవి. కాండాన్ని సాగదీసే మోతాదే వేరుకి ఎక్కువై దాన్ని అణిచేయవచ్చు. ఎరువులా ఎంత వేస్తే అంత లాభం కాదు. మా రెండు చేలూ ఆకూ కాడా అయిపోయాయి. పూత రాలింది. కార్తీకంలో ఒక్క గాలి కొడితే సగం చేను పడుకుంది. నాన్న ఒక మొక్కని పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. అంత పొడుగు మొక్కకి జానెడు వేరు.

తొలి తీత రోజు గట్టున పొంగలి వండి పత్తి తీసే ఆడవాళ్లకి పంచడం మా ఆనవాయితీ. ఒడి కట్టుకుని చేలోకి దిగినవాళ్లు కాసేపటికే ఖాళీగా పైకొచ్చారు. "ఏం పిన్నీ, పత్తి తియ్యమంటావా, ఆకు కొయ్యమంటావా?" అని ఒకామె అమ్మని అడిగింది. అందరూ నవ్వారు. నాన్న తలపాగా తీసి భుజాన వేసుకుని, మా ఎవరి మొహం చూడకుండా ఇంటిదారి పట్టాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఇంకో ఆనవాయితీ ఉంది. తొలి పత్తి గుప్పెడు అన్న ఇంటి నుంచి తమ్ముడింటికీ, తమ్ముడింటి నుంచి అన్న ఇంటికీ దీపం ఒత్తుల కోసం వెళ్లాలి. ఆ ఏడు మేం పంపలేదు, పంపే మొహం లేదు. పెద్దమ్మ మాత్రం ఎప్పటిలాగే, ఆ పాడైపోయిన చేలోంచే ఏరి, విస్తరాకులో చుట్టి తెచ్చింది. ఒక్క మాట తూలలేదు. అమ్మ ఒత్తి చేసి దీపం పెడితే నాన్న దణ్ణం కూడా పెట్టకుండా దొడ్లోకి వెళ్లిపోయాడు.

మరుసటేడు పెదనాన్న పొలం అప్పుల కింద చేతులు మారింది. అయినా నాన్న వీధిలో కనపడితే, "ఏరా, మా అరుగు మర్చిపోయావా?" అని పిలిచేవాడు. "పనుందన్నయ్యా" అనేవాడు నాన్న. పోయేదాకా నాన్నకి ఆ పని తీరలేదు. పెదనాన్న తిట్టి ఉంటే నాన్న ఆ అరుగెక్కేవాడేమో.

"ఎవరత్తయ్యా?" అని కోడలు మళ్లీ అడిగింది. మా పెదనాన్న అన్నాను. ఫొటో తీసుకుని ట్రంకుపెట్టెలోనే పెట్టేశాను. ఆ గట్టు మీద ఆయన ఇంకా మందు కొట్టించలేదు, చేను ఇంకా ఆయనదే. ఫొటోలో కాలం ఆగిపోతుందంటారు. నిజంగా ఆగేదైతే, ఆ నవ్వుతున్న మనిషి చెయ్యి పట్టుకుని ఒక్క మాట చెప్పేదాన్ని: వద్దు పెదనాన్నా, మా మాట వినకు.