తమ్ముడికి దక్కిన పిలుపు

దేవుడి మాట వినాలని శుక్రవారాలన్నీ కడుపు మాడ్చుకున్నది మహిమ. విన్నదేమో తమ్ముడు జోయెల్. అదీ ఆమె కడుపుమంట.

తల్లాడ దాటి కొత్తగూడెం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట వాళ్ల ఊరు. మహిమ జాకెట్లు కుడుతుంది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. అక్కడ ఆదివారం సాక్ష్యాలు చెబుతారు, దేవుడు తమకేం చేశాడో లేచి నిలబడి. మహిమకు జలుబు తగ్గిన సాక్ష్యాలే తప్ప పెద్దవేవీ దక్కలేదు. డిగ్రీ మధ్యలో ఆపి ఇంట్లో మూల పట్టిన జోయెల్ మాత్రం ఒక ఆదివారం లేచి, "నాతోని మాట్లాడుతున్నరు. నాకు ఇనబడుతుంది," అన్నాడు. ఆడవాళ్లు ఏడ్చారు. తల్లి విశ్రాంతమ్మ మోకాళ్ల మీద పడిపోయింది. మరుసటి వారం నుంచి వాడికి ముందు వరసలో కుర్చీ.

కోడికూర వండితే మంచి ముక్కలు వాడికే. స్నానం మానేస్తే, "ఆత్మలో ఉన్నడే, కదిలియ్యకు" అనేది తల్లి. మహిమకు ఒళ్లు మండిపోయేది. అంతా దొంగవేషమే, ఎక్కడో దొరక్కపోతాడా అని వాడి మీద కన్నేసి ఉంచింది. ఎప్పుడు తనలో తాను నవ్వుకున్నాడు, ఎప్పుడు కిటికీకి దుప్పటి కట్టాడు, ఏ పూట కంచం నెట్టేశాడు, అన్నీ చూసింది. పగవాడిని కూడా అంత శ్రద్ధగా ఎవరూ చూడరు.

ఒక మధ్యాహ్నం తల్లి మిరప తోటకు కూలికి పోయింది. మహిమ తమ్ముడికి అన్నం పెట్టి, ఉండబట్టలేక అడిగేసింది.

"నా గురించి ఏమన్నడ్రా దేవుడు? ఒక్క ముక్క గూడ అనలేదా?"

జోయెల్ చెవులు మూసుకున్నాడు. "దేవుడు కాదక్కా. చానామంది. తిడుతున్నరు. నువ్వు అన్నంల మందు కలిపినవంటున్నరు. ఇది ఆగాలని ప్రార్థన చెయ్యమంటే, చర్చిల అందరు ఇంకా ఇనబడాలని చేస్తున్నరు. నాకు భయమైతుందక్కా."

ఇంతకాలం తాను కుళ్లుకున్నది దీని కోసమా! మహిమ వాడి కంచంలోంచి ఒక ముద్ద తీసి వాడి ఎదురుగానే తిన్నది. వాడు చూస్తూ కూర్చున్నాడు గాని అన్నం ముట్టలేదు.

తల్లి వచ్చాక, వీడికి జబ్బేమో చూపిద్దామని మహిమ అనడంతో ఇంట్లో పెద్ద రభస. "దేవుడిచ్చిన వరాన్ని పిచ్చంటవా? నీకు రాలేదని ఏడుస్తున్నవే!" అంది విశ్రాంతమ్మ.

మాట నిజమే కాబట్టి మహిమకు ఇంకా కోపం వచ్చింది. "అవ్, ఏడుస్తున్న! ఏడ్చుకుంటనే దవాఖానాకు తీస్కపోత."

పాస్టరు అడ్డుపడతాడనుకుంది. ఆయన జోయెల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అంతా విని తల దించుకున్నాడు. "నేనే ముందు అడగాల్సింది. జల్దీ తీస్కపోండి. ప్రార్థన ఏడికి పోదు."

ఖమ్మంలో డాక్టరమ్మ, ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడని అడిగితే విశ్రాంతమ్మ నోరు తెరవలేదు. మహిమే చెప్పింది, ఒక్కటీ వదలకుండా.

"ఇది జబ్బమ్మా. స్కిజోఫ్రీనియా మొదలైనట్టుంది. తొందరగానే తెచ్చారు, మందులు మాత్రం మానొద్దు," అంది డాక్టరమ్మ. మహిమ వైపు తిరిగి, "ఎంత ప్రేముంటే ఇంత కనిపెట్టి చూస్తారు!" అని మెచ్చుకుంది. మహిమ తలెత్తకుండా మందుల చీటీ అందుకుంది.

మందులు పని చేయడానికి వారాలు పట్టింది. అంతవరకూ మత్తు, నిద్ర. ఆ తర్వాత ఒక ఆదివారం, సాక్ష్యాల వేళ, జోయెల్ వెనక వరసలోంచి లేచాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"అక్క పెట్టిన అన్నం తింటున్న," అని కూర్చున్నాడు.

హల్లెలూయా అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మహిమ కళ్లు నిండాయి. అయినా ఆమె ముందు తల్లి వైపే చూసింది. తల్లి కొడుకునే చూస్తోంది.